అద్దం మీద గడులు

ట్యాబ్ పెట్టె తెరిచాక నేను మొదట వెతికింది చార్జర్ కోసం. వైరు కనిపించింది. గోడకు గుచ్చే ముక్క కనిపించలేదు. పెట్టెను బోర్లించి తట్టాను, అట్టల మడతల్లో వేలు పెట్టి చూశాను. సన్న అక్షరాల కాగితాలు రెండు రాలాయి, అంతే.

“చార్జర్ ఏది?” అని మా బిడ్డను అడిగాను.

“ఇప్పుడు ఇస్తలేరు బాపూ. వేరే కొనుక్కోవాలె.”

“మగ్గం అమ్మినోడు దారం ఉరికిచ్చే నాడె ఇయ్యకుంట పోతె ఊకుంటమా?”

“నన్నడుగుతవేంది? కంపెనీ నాదా?”

కంపెనీ ఆమెది కాదు. చౌటుప్పల్ మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. కానీ ఈ రకమే మంచిదని చెప్పి కొనిపించింది ఆమె. కాబట్టి ఎవరో ఒకరిని అడగాలంటే ఆమెనే అడగాలి. ఆ పూట ఆమె ఫోను చార్జర్‌తోనే ట్యాబ్‌కు కరెంటు పెట్టాం. కొత్త వస్తువు మొదటి రోజే అరువు ముక్కతో బతికింది. ఆ సంగతి నాకింకా మింగుడుపడలేదు.

నేను ముచ్చటపడి కొన్నది కాదది. మాది పాత నల్లగొండ జిల్లాలో, చౌటుప్పల్‌కు దగ్గరి ఊరు. చిటికి చీరలు నేసే ఊరు. నేసిన బట్ట మీద అచ్చు వేయడం కాదు ఈ పని. నేయకముందే దారానికి అక్కడక్కడ రబ్బరు పట్టీలు బిగించి కట్టి రంగులో ముంచుతాం. కట్టిన చోట రంగు అంటదు. కట్లు విప్పి ఆ దారంతో నేస్తే బొమ్మ తేలుతుంది. ఎక్కడ కట్టాలో చెప్పేది గ్రాఫ్ కాగితం. ఆ కాగితం మీద గడి గడికీ రంగు నింపి బొమ్మ గీసేవాణ్ని నేను. ముప్ఫై ఏళ్లుగా అదే పని. నా బొమ్మను బట్టి మా ఇంటామె దారానికి గుర్తులు పెట్టి, కట్టి, ఒక నమూనా తయారుచేస్తుంది. అది నచ్చితే సావుకారి, అంటే మగ్గాలకు నూలు ఇచ్చి చీరలు నేయించుకునే ఆసామి, దాన్ని ఊళ్లో మగ్గాల మీదికి ఎక్కిస్తాడు.

పాత సావుకారి పోయాక ఆయన కొడుకు ఆ పని చూస్తున్నాడు. వరసకు నన్ను మామ అంటాడు. దసరా అయిన వారానికి డిజైన్లు గీసే మమ్మల్ని ముగ్గురినీ ఇంటికి పిలిచాడు. నేను పదకొండు రోజులు కూర్చుని గీసిన కాగితం తీసుకుపోయాను. అక్కడ ఆయన చేతిలో ఒక ట్యాబ్ ఉంది. హైదరాబాద్‌లో ఎవరో చదువుకున్న పిల్లవాడు గీసి పంపిన డిజైనట. అందరి తలలూ దాని మీదికి వంగాయి. నా కాగితం బల్ల మీద ఉంది. సావుకారికి చాయ్ గ్లాసు పెట్టడానికి జాగా కావలసి వచ్చింది. నా కాగితం మీద పెట్టాడు. తీసేసరికి పిట్ట మెడ మీద గుండ్రటి మరక. “అరె” అని కూడా అనలేదు.

“వచ్చే డిజైన్ నుంచి కాగితం తేకు మామా,” అన్నాడు. “గిట్ల ట్యాబ్‌ల తెస్తెనే చూస్త. లేకుంటె హైదరాబాద్ పిలగానికే చెప్త.”

పక్కన కూర్చున్న ఇంకో డిజైన్ మనిషి నవ్వాడు. “మామకు ట్యాబ్ ఏడ పడ్తది? కండ్లద్దాలు పోతయని వాటికే తాడు కట్టుకున్నడు!”

ఆ నవ్వినవాడి పెండ్లిచీర డిజైన్ గీసింది నేను. ఏ గడిలో ఏ రంగు పడిందో కూడా ఇప్పటికీ చెప్పగలను.

అట్లా కొన్నాను. నెల రోజుల్లో ఒక కొత్త చీర డిజైన్ ట్యాబ్ మీద చేసి చూపించాలి, లేదంటే ముప్ఫై ఏళ్ల పని చేతిలోంచి పోతుంది. ఇదీ లెక్క.

మొదటి రోజే మా ఇంటామె కొత్త వస్తువని పసుపూ కుంకుమా తెచ్చింది. వెనకవైపు గుండ్రంగా కన్నులా ఉన్నది చూసి సరిగ్గా దాని మీదే బొట్టు పెట్టింది. అది కెమెరా. తడిబట్టతో ఎంత తుడిచినా అంచులో పసుపు మిగిలిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు ఏ ఫొటో తీసినా కామెర్లు వచ్చినట్టు పచ్చగా వచ్చేది.

ఇక దానితో వచ్చిన సామాను సంగతి. ముందు పెన్ను. పెన్సిల్ మొద్దుబారితే చెక్కుకుంటాం. ఈ పెన్నుకు కరెంటు పెట్టాలి. పిట్ట ముక్కు గీస్తుండగా అది చచ్చిపోయింది. ట్యాబ్‌కు పెట్టిన వైరు తీసి పెన్నుకు పెట్టాను. పెన్ను నిండేలోపు ట్యాబ్ ఖాళీ అయింది. రెండూ ఒకేసారి బతికున్న ఘడియలో నేను పని చేయాలి.

తర్వాత కవర్. మూసినప్పుడు తనంతట తాను అతుక్కోవడానికి అంచులో అయస్కాంతం పెట్టారు. పట్టీలు కత్తిరించే కత్తెర, సూదులు, గుండుసూదులు ఉండే ఇల్లు మాది. ప్రతి పొద్దూ ఆ కవర్ నిండా సూదులు మొలిచేవి. “నా సూది ఏమాయె?” అని మా ఇంటామె అడిగితే ముందు కవర్ చూసుకునేవాణ్ని. ఒకనాడు చూసుకోకుండా పట్టుకున్నాను. బొటనవేలికి దిగింది.

అద్దానికి రక్షణ అని ఇంకో అద్దం అతికించాలన్నారు. చౌటుప్పల్‌లో మొబైల్ దుకాణం భాయ్ నా వయసువాడే, మంచివాడే. అతికించాడు. మధ్యలో బుడగ మిగిలింది. బుడగలో దుమ్ము.

“రెండ్రోజులల్ల అదే పోతది అన్నా, ఫికర్ చెయ్యకు,” అన్నాడు.

పోలేదు. సరిగ్గా మధ్య గడుల మీద కూర్చుంది. అక్కడ ఏ రంగు నింపానో చూడాలంటే తల పక్కకు వంచాలి.

అన్నిటికంటే పెద్ద గొడవ చేతి తొడుగు. పెన్నుతో పాటు ఒక నల్లటి తొడుగు వచ్చింది. తొడుక్కుని చూస్తే చిటికెన వేలికీ ఉంగరం వేలికీ మాత్రమే గుడ్డ ఉంది. మిగతా మూడు వేళ్లూ బయటే. సగం కుట్టి పంపారనుకుని బస్సెక్కి దుకాణానికి పోయాను.

“గిదేంది భాయ్? మిగిలిన మూడు వేళ్లు ఎవరు మింగిండ్రు?”

భాయ్ తిప్పి తిప్పి చూశాడు. “నిజమే అన్నా. గలత్ పీసొచ్చినట్టుంది. ఆగు, ఇంకోటి ఇప్పుత.”

ఇంకోటి విప్పాడు. దానికీ రెండే వేళ్లు. మూడోదీ అంతే.

“వాడు తయారు చేసుడే గట్ల చేసినట్టుంది,” అన్నాడు చివరికి.

“మరి నువ్వు అమ్ముతున్నవ్ గద, ఎందుకో నీకెరుక లేదా?”

“అన్నా, నేను అమ్మేటియ్యి అన్నీ నాకెరుకైతె నేనీడ కూసుంటనా?”

ఎందుకో ఇంటికొచ్చాక తెలిసింది. ముప్ఫై ఏళ్లు నేను అరచేయి కాగితం మీద ఆనించి గీశాను. ఆ ఆనిక లేకపోతే నాకు గీత నిలవదు. ట్యాబ్ మీద చేయి ఆనిస్తే, ఆనిన చోటల్లా అది గీతలు గీసింది. పిట్ట కడుపు కింద ఒక పొద్దంతా పిచ్చి గీతలు. చెయ్యి ఆనినా గీత పడకుండా ఆ తొడుగు. ఈ ముక్క పెట్టె మీద తెలుగులో ఒక్క వరస రాస్తే నాకు రెండు బస్సు ప్రయాణాలు తప్పేవి. రాయలేదు. నాలాంటివాడు కొంటాడని వాళ్లు అనుకోలేదు మరి.

ఒక్క మంచి చెప్పమంటే చెబుతాను. మా డిజైన్లు చాలావరకు ఎదురెదురుగా ఉంటాయి; ఇటు పిట్ట గీస్తే అటువైపూ అదే పిట్ట తిరగబడి రావాలి. కాగితం మీద రెండోసారి గడులు లెక్కపెట్టుకుంటూ గీసేవాణ్ని. ట్యాబ్‌లో ఇటు గీస్తుంటే అటు తనంతట తాను వచ్చేస్తుంది. మొదటిసారి అది చూసినప్పుడు పెన్ను కింద పెట్టి కూర్చున్నాను. నా జీవితంలో సగం దినాలు ఆ రెండో పిట్టకే పోయాయి కదా అనిపించింది. సంతోషమో కోపమో తెలియలేదు. ఎక్కువ కోపమే.

పాలపిట్టల చీర గీశాను. కొంగు పొడవునా ఎదురెదురుగా పాలపిట్టలు, రెక్క విప్పినవి. రెక్కలో రెండు నీలాలు. నెలలో పదహారు రోజులు దానికే పోయాయి. నమూనాకు మా ఇంటామె చేతికిచ్చాను. అసలు దెబ్బ అక్కడ తగిలింది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కాగితం మీది గడి ఎంత ఉంటే దారం మీద కట్టుకూ కట్టుకూ మధ్య ఎడం అంతే. మా ఇంటామె ఒక కొలత దారం తీసుకుని, బొమ్మలో ఒక్కో వరస మీద పరిచి, రెండు కొసలూ రెండు వేళ్లతో అదిమి బిగువుగా లాగి, రంగు మారిన చోటల్లా బొగ్గుతో చుక్క పెడుతుంది. ఆ చుక్కల ప్రకారం, మేకులు కొట్టిన చెక్క మీద విసనకర్రలా చుట్టిన నూలుకు గుర్తులు పెడుతుంది. ఆ చెక్కను ఆసు అంటాం. వాళ్లమ్మ మోత్కూరు నుంచి నేర్చుకొచ్చిన విద్య అది. ఎన్నడూ తప్పలేదు.

ట్యాబ్ మీద కూడా అదే చేసింది. దారం పరిచింది, రెండు కొసలూ రెండు వేళ్లతో అదిమింది, బిగువుగా లాగింది. రెండు వేళ్లు పెట్టి లాగితే ఆ అద్దంలో బొమ్మ పెద్దదవుతుంది. వరస వరసకూ ఇంత ఇంత పెరిగింది. నేను అప్పుడు ఇంట్లో లేను.

చిటికి పనిలో ఉన్న తంటా ఏమిటంటే, కట్లు విప్పేదాకా తప్పు కనపడదు. కట్టాం, నీలంలో ముంచాం, ఆరేశాం, విప్పాం, నాలుగు వేళ్ల పొడవు నేశాం. పిట్ట తేలింది. తల పిచ్చుకంత. కడుపు కోడంత. తోక దగ్గరికి వచ్చేసరికి బట్ట చాలక అంచు దాటిపోయింది.

“ఏం చేసినవే?” అన్నాను.

“నువ్వు గీసిందే కట్టిన.”

“నేను గిట్ల గీసిన్నా? గిది పాలపిట్టేనా?”

“పోను పోను పెద్దగైతుంటె నువ్వే గట్ల గీసినవనుకున్న. కొత్త ఫ్యాషనేమొ అనుకున్న.”

“పెరుగుతుంటె ఆపొద్దా?”

“కాయితం ఎన్నడన్న పెరిగిందా? నాకేమెరుక అద్దం పెరుగుతదని! తెచ్చినోనివి, గిది పెరుగుతదే అని చెప్పినవా?”

చెప్పలేదు. నాకు తెలుసు పెరుగుతుందని. దారం కొసలు వేళ్లతో లాగుతుందనీ తెలుసు. రెండూ కలిపి ఆలోచించలేదు. ఆ మాట ఆమెతో అనలేదు గానీ ఇక్కడ రాస్తున్నాను.

బిడ్డ సాయంత్రం వచ్చి కడుపు పట్టుకుని నవ్వింది. “ప్రింట్ తీస్తె అయిపాయె గద బాపూ,” అంది. కాగితం వద్దని ట్యాబ్ కొన్నాం, ట్యాబ్‌ను కాగితం చేయడానికి మళ్లీ చౌటుప్పల్ పోయాం. బస్టాండ్ దగ్గర జిరాక్స్ దుకాణం నడిపే ఆమె చకచకా తీసిచ్చింది. గడులు చతురస్రంగా లేవు, నిలువుగా సాగి ఉన్నాయి. కాగితానికి సరిపోయేట్టు మిషనే సర్దిందట. నేను గడి గడికీ కష్టపడితే మిషన్ సర్దింది!

అక్కడ ఆమె అన్న మాట నన్ను నిజంగా కదిలించింది.

“ఫైల్ నా సిస్టమ్‌ల ఉన్నది సార్. మల్ల గావాలంటె ఊకె వచ్చి తీస్కపోండ్రి.”

“ఉన్నదా? ఎవరు ఉంచుమన్నరు?”

“అయ్యో, అందరియి ఉంటయ్ సార్. పెండ్లికార్డులు, ఆధార్ కార్డులు, అన్నీ.”

“నాది తీసెయ్యమ్మా.”

తీసేసింది. తీసేసినవి పోయి పడే చెత్తబుట్ట కూడా ఒకటి ఉంటుందని నాకు తెలుసు. అది కూడా తెరిపించి ఖాళీ చేయించాను. వెనక వరసలో ఉన్నవాళ్లు గొణుగుతున్నారు.

“బాపూ, నీకు దండం పెడ్త, నడువ్,” అంది బిడ్డ.

బస్సులో అదే ఆలోచన. ఇన్నేళ్లు నా కాగితం ఒక్కటే ఉండేది. సావుకారి దగ్గరికి పోయేది, పని అయ్యాక తిరిగి నా సందుగలోకి వచ్చేది. పిట్ట మార్చాలన్నా, రంగు మార్చాలన్నా మళ్లీ నన్నే పిలవాలి. ఇదైతే మనం లేచి వచ్చినా అక్కడే ఉండిపోతుంది.

నమూనా సంగతి మా ఇంటామె తేల్చింది. “అద్దాన్ని నేను ముట్ట. నువ్వు గడులు చదువు, నేను కొలబద్దతోని గుర్తు పెడ్త,” అంది. నేను ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని చదివాను. తెలుపు నాలుగు, నీలం రెండు, తెలుపు ఒకటి, మట్టిరంగు మూడు. ఆమె చుక్కలు పెట్టింది. మూడు రోజులు చదివాను, గొంతు పోయింది. ఈసారి విప్పితే పిట్ట పిట్టలాగే ఉంది. రెక్కలో రెండు నీలాలూ వేరువేరుగా కనిపించాయి. ఆమె ఆ ముక్కను వెలుతురుకు పట్టి చూసి, “ఇగ పో,” అంది.

నెల నిండకముందే సావుకారి ఇంటికి పోయాను. నమూనా ముక్క చేతికిచ్చాను. వేళ్లతో నలిపి చూశాడు, తిరగేసి చూశాడు. బాగుందని అనలేదు. ట్యాబ్ తెరిచి చూపించాను.

“నేర్చుకున్నవే మామా!” అన్నాడు, చిన్నపిల్లవాడు అ ఆలు రాసినట్టు. “సరె, ఫైల్ వాట్సాప్‌ల కొట్టు.”

“ఎందుకు?”

“హైదరాబాద్ పిలగానికి పంపుత. వాడు రంగులు మారుస్తడు, పిట్ట తీసి హంస పెడ్తడు. గంటల నాలుగు డిజైన్లు ఐతయ్.”

“మరి నేను?”

“నువ్వు గీసినవ్ గద. అయిపాయె.”

అంత తేలిగ్గా అన్నాడు. కోపంతో కూడా అనలేదు. ట్యాబ్ మూశాను.

“పంప అల్లుడా.”

“పంపుడు రాదా? ఇటియ్యి, నేను పంపుకుంట.”

“వస్తది. పంప. బొమ్మ మా ఇంట్ల ఉంటది. నీ మనుషులను పంపియ్యి, చూసుకుంట గుర్తులు పెట్టుకుంటరు.”

“గిదేం మొండితనం? నేను ఫొటో తీస్తె ఏం జేస్తవ్?”

“తియ్యి. ఫొటోల గడులు లెక్కపెట్టుకుంట మల్ల గీసుకోవాలె. నాకు పదహారు రోజులు పట్టింది. మీ పిలగానికి ఎన్ని పడ్తయో చూడు.”

ఫోను పైకెత్తాడు, దించాడు. “నువ్వు పో మామా,” అన్నాడు. కూర్చోమని అనలేదు, మళ్లీ కలుద్దామనీ అనలేదు. నమూనా ముక్క మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు.

తొమ్మిది రోజులు కబురు లేదు. మా ఇంటామె అన్నం పెడుతూ రోజూ అదే మాట. “పోయిన పని పాయె. ఇగ ఆ అద్దం ముందట పెట్టుకోని కూసో.” ఆరో రోజు పెన్ను తీసి ఇంకో పిట్ట మొదలుపెట్టబోయాను. ఎవరికోసం గీయాలో తెలియక పక్కన పెట్టాను.

పదో రోజు పొద్దున ఆటో వచ్చి ఆగింది. సావుకారి దగ్గర గుర్తులు పెట్టే ఆడవాళ్లు ఇద్దరు, పైన కట్టిన ఆసు చెక్కలు రెండు.

“సావుకారి ఈడ కూసోని పెట్టుకొమ్మన్నడు మామా. నువ్విచ్చిన ముక్క మీది పిట్ట పట్నం షాపోళ్లకు నచ్చిందంట. జల్ది గావాలంట,” అంది పెద్దామె, చెక్కలు దించుతూ.

ముందరి అర్రలో కూర్చోబెట్టాను. ట్యాబ్‌ను బియ్యం డబ్బాకు ఆనించి నిలబెట్టాను. రెండు నిమిషాలకు అద్దం నల్లబడింది. ఎవరూ ముట్టుకోకపోతే అది ఆరిపోతుందని నేనప్పటిదాకా గమనించలేదు. నా చేయి ఎప్పుడూ దాని మీదే ఉండేది కదా. వాళ్ల చేతులనిండా బొగ్గు. “మామా, చీకటైంది!” అని కేకేశారు. వచ్చి ముట్టాను. మళ్లీ రెండు నిమిషాలకు, “మామా, పిట్ట పాయె!” ఇక స్టూలు తెచ్చుకుని పక్కనే కూర్చున్నాను. ఆ సాయంత్రం బిడ్డ వచ్చి, ఆరిపోకుండా చేసే ఉపాయం ఉందంది. వద్దన్నాను. నేను లేనప్పుడు అది వెలుగుతూ ఉండటం నాకిష్టం లేదు. అట్లా మూడు రోజులు స్టూలు మీద కూర్చుని వేలితో దాన్ని లేపుతూ ఉన్నాను. నడుము పట్టేసింది.

మూడో రోజు సావుకారి స్వయంగా వచ్చాడు. చెప్పులు విప్పి లోపలికి వచ్చి, ఆడవాళ్ల వెనక నిలబడి చూశాడు.

“ఇంకెంత సేపు?”

“ఇంకో పిట్టన్నర,” అంది పెద్దామె తలెత్తకుండా.

సరిగ్గా అప్పుడే అద్దం నల్లబడింది. సావుకారి వంగి చేయి చాపాడు.

“ఆగు అల్లుడా,” అన్నాను. “ముట్టకు.”

ఆయన చేయి గాలిలో ఆగింది. నేను స్టూలు మీంచి లేచి, పోయి, నా వేలితో ముట్టాను. పాలపిట్ట వెలిగింది. ఆయన చేయి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

“ఉగాదికి ఇంకోటి గావాలె మామా,” అన్నాడు, నన్ను చూడకుండా, పిట్టను చూస్తూ. “ఎర్రది.”

“గీస్త. మనుషులను ఈడికే పంపు.”

చెప్పులేసుకుని పోయాడు. నేను స్టూలు ముందుకు జరుపుకుని, ఆగిపోయిన వరస నుంచి చదివాను. నీలం రెండు, తెలుపు ఒకటి.